మీటరు ఎక్కడ పెట్టి చూశారు? కరెంటు లెక్కలపై సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ నుంచీ, కొల్లేరు చెరువుల వైపు నుంచీ వచ్చాయి. బల్బు గురించి ఒకరు, గీజరు గురించి ఒకరు, బోరు మోటారు గురించి ఇంకొకరు రాశారు గానీ అందరిదీ ఒకటే లెక్క: వోల్టులూ ఆంపియర్లూ తెలిస్తే ఓములూ వాట్లూ ఎలా రాబట్టాలి? ఒక గుణకారం, ఒక భాగాహారం చేస్తే లెక్క అయిపోతుంది. ఆ వోల్టులు ఏ రెండు కొసల మధ్య చూశారు, చూసినప్పుడు ఆ వస్తువు నడుస్తోందా ఆగి ఉందా అన్న దగ్గరే చాలామంది తడబడుతున్నారు. అందుకే ఈసారి సూత్రాల కన్నా మీటరు పెట్టే చోటు గురించే ఎక్కువ రాస్తున్నాను.

సార్, 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు నిరోధం లెక్కవేస్తే 882 ఓములు వచ్చింది. మల్టీమీటరుతో కొలిస్తే 65 ఓములే చూపిస్తోంది. మీటరు పాడైందా, నా లెక్క తప్పా?
– ఇంటర్ విద్యార్థి, జంగారెడ్డిగూడెం

మీటరు బాగానే ఉంది, మీ లెక్కా సరైనదే. మీరు లెక్కవేసింది వెలుగుతున్న బల్బుకి, కొలిచింది ఆరి ఉన్న బల్బుని.

మిగతా పాఠకుల కోసం లెక్క ఒకసారి చెబుతాను. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు. బల్బు మీద 230 వోల్టులు, 60 వాట్లు అని ఉంటుంది. 60ని 230తో భాగిస్తే 0.261 ఆంపియరు. 230ని మళ్ళీ ఆ 0.261తో భాగిస్తే 882 ఓముల దగ్గరకు వస్తుంది. ఆంపియర్ల జోలికి పోకుండా నేరుగా కావాలంటే వోల్టులను వోల్టులతోనే గుణించి వాట్లతో భాగించండి: 52,900 ÷ 60.

బల్బు వెలిగేటప్పుడు లోపలి టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,500 డిగ్రీల వేడిలో ఉంటుంది. వేడెక్కే కొద్దీ లోహాల నిరోధం పెరుగుతుంది. గది వేడిలో 65 ఓములున్న తీగ అక్కడికి చేరేసరికి పదమూడు, పద్నాలుగు రెట్లవుతుంది. స్విచ్ వేసిన తొలి క్షణంలో తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి 230 ÷ 65, అంటే మూడున్నర ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. పాత బల్బులు వెలుగుతూ ఉండగా కాకుండా స్విచ్ వేయగానే టప్పున మాడిపోయేది ఇందుకే.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములన్న సూత్రాన్ని 1827లో పుస్తకంగా వెలువరించిన గేయార్గ్ జిమాన్ ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులుగా పనిచేసినవాడు. ఆనాటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని ఆయన రెండు లోహాలను జోడించి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచి, ఆ వేడి తేడాతో పుట్టే నిలకడైన వోల్టేజీ మీద ప్రయోగాలు చేశాడు. మీ పాఠ్యపుస్తకంలో ఓమ్ నియమం పక్కన ‘ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు’ అని ఉంటుంది. పరీక్షలో ఆ మాట వదిలేస్తే ఒక మార్కు పోతుందేమో, బల్బు దగ్గర వదిలేస్తే పద్నాలుగు రెట్లు తేడా వస్తుంది.

ఇంట్లోనే సరిచూసుకోవాలంటే 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె తీసుకోండి. ప్లగ్గు సాకెట్లోంచి పూర్తిగా బయటకు తీసి, పెట్టె మీది నాబ్‌ను ఎక్కువ వేడి వైపు తిప్పి, ప్లగ్గులోని రెండు చిన్న పిన్నుల మధ్య కొలవండి. లెక్క ప్రకారం 52.9 ఓములు రావాలి, మీటరు దానికి దగ్గర్లోనే చూపిస్తుంది. అందులోది నిక్రోమ్ తీగ, వేడికి దాని నిరోధం పెద్దగా మారదు. ఎల్ఈడీ బల్బు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. దానిలో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది, మీటరు చూపే ఓములకు అర్థం ఉండదు.

సాయంత్రం పూట మా వీధిలో వోల్టేజీ 190కి పడిపోతోంది. గీజరులో నీళ్ళు కాగడానికి చాలాసేపు పడుతోంది. ఎక్కువసేపు ఆన్‌లో ఉంటుంది కాబట్టి బిల్లు కూడా పెరుగుతుందని మావారు అంటున్నారు. నిజమేనా అండీ?
– గృహిణి, తాడేపల్లిగూడెం

ఆలస్యమవుతుందన్నది నిజమేనమ్మా. బిల్లు మాత్రం పెరగదు.

మీ గీజరు 2,000 వాట్లదనుకుందాం. 230 వోల్టుల దగ్గర దాని కాయిల్ నిరోధం 52,900 ÷ 2,000, అంటే 26.45 ఓములు. వోల్టేజీ తగ్గినా కాయిల్ అదే, ఓములూ అవే. 190ని 190తో గుణించి 26.45తో భాగిస్తే 1,365 వాట్లు వస్తుంది. వోల్టేజీ పదిహేడు శాతం పడితే వేడి ముప్పై రెండు శాతం పడిపోయింది. వోల్టేజీ తగ్గితే ఆంపియర్లూ తగ్గుతాయి, వాట్లంటే ఆ రెండింటి లబ్ధం, అందుకే దెబ్బ రెండింతలు తగులుతుంది.

ఇక బిల్లు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాచాలంటే అర యూనిట్ పైచిలుకు, సరిగ్గా చెప్పాలంటే 0.52 యూనిట్ కావాలి. ఆ వేడి ఏ వోల్టేజీలోనైనా అంతే. 230లో పదహారు నిమిషాల్లో అయ్యేది 190లో ఇరవై మూడు నిమిషాలు పడుతుంది. మీటరు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువసేపు తిరుగుతుంది, చివరికి అదే అంకె దగ్గర ఆగుతుంది. ఆలస్యంలో ట్యాంకు గోడల గుండా పోయే వేడి ఉంటుంది గానీ అది చాలా స్వల్పం.

మీ ఉత్తరంలో నాకు పట్టిన విషయం వేరు. ఆ 190 ఎక్కడ చూశారో రాయలేదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో ఇళ్ళకిచ్చే వోల్టేజీ ఆరు శాతం అటూ ఇటూ ఉండొచ్చని ఉండేది, అంటే 216కి తగ్గకూడదు. గీజరు ఆన్‌లో ఉండగా ఎలక్ట్రీషియన్‌తో రెండు చోట్ల కొలిపించండి: మెయిన్ బోర్డు దగ్గర ఒకసారి, గీజరు సాకెట్ దగ్గర ఒకసారి. రెండు చోట్లా 190 ఉంటే అది లైన్ల సంగతి, విద్యుత్ శాఖకు ఫిర్యాదు చేయండి. బోర్డు దగ్గర 220 ఉండి సాకెట్ దగ్గర 190 ఉంటే మాత్రం ఆ గీజరు వాడకం వెంటనే ఆపేయండి. ఆ మధ్యలో 30 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. ఏడు ఆంపియర్లు పారే చోట 30 వోల్టులు పోతున్నాయంటే గోడలోపలో స్విచ్ వెనకో 210 వాట్ల వేడి పుడుతోందన్నమాట. వదులైన స్క్రూ, సరిగ్గా మెలివేయని జాయింటు, పాత అల్యూమినియం వైరు – కారణం ఏదైనా మంటలు అక్కడే మొదలవుతాయి.

అయ్యా, మా ఆయిల్‌పామ్ తోటలో 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. వరసగా రెండేళ్ళు కాలిపోయింది. లో వోల్టేజీ వల్ల ఎక్కువ కరెంటు లాగి కాలిందని మెకానిక్ చెబుతున్నాడు. డిగ్రీ చదివే మా అబ్బాయేమో వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గాలి కదా అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– రైతు, కామవరపుకోట

మీవాడు చెప్పింది గీజరుకి నిజం. మోటారు విషయంలో మెకానిక్ మాటే నిజం.

మోటారు ఆగి ఉన్నప్పుడు రెండు ఫేజుల మధ్య వైండింగ్ నిరోధం కొలిస్తే మూడు ఓములుందనుకుందాం. మీవాడి లెక్కన 415 ÷ 3, అంటే 138 ఆంపియర్లు రావాలి. నడిచేటప్పుడు టాంగ్ టెస్టర్ పెట్టి చూడండి, పన్నెండో పదమూడో చూపిస్తుంది. తిరిగే మోటారు లోపల సరఫరాకు ఎదురుగా మరో వోల్టేజీ పుట్టడమే దీనికి కారణం. వచ్చే వోల్టేజీలో చాలా భాగం ఆ ఎదురు వోల్టేజీకే సరిపోతుంది, వైండింగ్ నిరోధం మీద పడేది కొద్దిపాటే. ఇసుక పట్టేసి రోటర్ తిరగలేదనుకోండి, ఎదురు వోల్టేజీ ఉండదు, మామూలుకి ఐదారు రెట్లు లాగుతుంది. స్టార్ట్ అయిన తొలి క్షణాల్లోనూ అంతే.

పైగా మోటారుకు ఇంత నీరు ఇంత ఎత్తుకు తోయాలన్న పని ఉంది. వోల్టేజీ తగ్గినా ఆ పని దాదాపు అంతే ఉంటుంది. 7.5 హెచ్‌పీ అంటే 746తో గుణిస్తే 5,600 వాట్లు, అది మోటారు ఇచ్చే పని. దానికోసం లైన్ నుంచి 7,500 వాట్లు తీసుకుంటుందనీ, పవర్ ఫ్యాక్టర్ 0.82 అనీ అనుకుందాం. త్రీ ఫేజులో వాట్లను 1.732తో, వోల్టులతో, పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే ఆంపియర్లు. 415 వోల్టుల దగ్గర 12.7 వస్తుంది. స్టార్టర్ దగ్గర 340 ఉందనుకోండి, మోటారుకు అందేది అంత కూడా కాదు. స్టార్టర్ నుంచి బోరు అడుగు దాకా 120 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ ఉంటే అందులో ఇంకో 20 వోల్టులు పోతాయి. 320 దగ్గర లెక్కవేస్తే 16.5 ఆంపియర్లు. వైండింగ్ వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 16.5ని 12.7తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 1.69. అంటే దాదాపు డెబ్బై శాతం ఎక్కువ వేడి. నిజం మోటారులో ఈ అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది, పెరగడం మాత్రం ఖాయం. ఆంపియర్ల వర్గానికీ వేడికీ ఉన్న ఈ సంబంధాన్ని 1841లో జూల్ ప్రకటించాడు. మన మెట్టలో ప్రతి వేసవిలోనూ అది బోరు అడుగున పనిచేస్తూనే ఉంది.

అయితే మీ మోటారు లో వోల్టేజీతోనే కాలిందని ఉత్తరం చూసి చెప్పలేను. కాలిన మోటారును వైండింగ్ షాపులో విప్పేటప్పుడు దగ్గరుండి చూడండి. కాయిల్స్ అన్నీ గుండ్రంగా ఒకే తీరున మాడి ఉంటే లో వోల్టేజీ గానీ, ఎక్కువ లోడు గానీ కారణం. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి, మూడో ఫేజు కాయిల్స్ కొత్తవాటిలా మెరుస్తూ వరసగా మధ్యమధ్యలో కనిపిస్తే అది ఫేజు పోయి కాలిన మోటారు. డెల్టా అయితే తిరగబడుతుంది, ఒక ఫేజు మాడి రెండు బాగుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే నడుస్తున్న మోటారు ఆగదు, మిగతా రెండు ఫేజుల మీద భారం వేసి, ఒక్కోదాంట్లో 1.73 రెట్లు లాగుతూ నడుస్తూనే ఉంటుంది. వేడి మూడు రెట్లు. దానికి మందు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్.

రెండు ఫేజులు మాత్రమే మాడి ఉన్న స్టేటర్‌ని చూసి కూడా ‘వోల్టేజీ తక్కువండీ’ అనేవాళ్ళున్నారు. రైతు వైండింగ్ డబ్బు కట్టి, అదే స్టార్టర్‌తో, అదే తప్పుతో మోటారు మళ్ళీ దింపుతాడు. ఇది నన్ను బాధపెట్టే విషయం. కారణం తెలియకుండా మోటారు బోరులో దింపనివ్వకండి.

స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే కూడా చూపించండి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పైకి తిప్పేస్తుంటారు. డైరెక్ట్ స్టార్టర్ అయితే అది మోటారు ప్లేటు మీది ఆంపియర్ల దగ్గరే ఉండాలి. స్టార్–డెల్టా స్టార్టర్‌లో రిలే ఫేజు దారిలో ఉంటే ఆ అంకెకు 0.58 వంతు దగ్గర పెట్టాలి.

ఇక వోల్టేజీ ఎందుకు పడుతోంది? 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది 25,000 ÷ (1.732 × 433), అంటే 33 ఆంపియర్లు. మీలాంటి మోటార్లు రెండైతే 25 ఆంపియర్లు, హాయిగా నడుస్తాయి. మూడోది తగిలిస్తే 38. పైగా అందరికీ ఆటో స్టార్టర్లుంటే కరెంటు రాగానే మూడూ ఒక్క క్షణంలో లేచి రెండు వందల ఆంపియర్లు దాటి లాగుతాయి, వోల్టేజీ పాతాళానికి పోతుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఉంది కాబట్టి వృథా బిల్లులో కనిపించదు, వైండింగ్ ఖర్చులో కనిపిస్తుంది. ఉచిత విద్యుత్‌కు పెట్టిన షరతుల్లో కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, రాపిడి తక్కువ ఫుట్ వాల్వు ఉన్నాయి. కెపాసిటర్ మోటారు లోపలి ఆంపియర్లను నేరుగా తగ్గించదు. లైన్లో, ట్రాన్స్‌ఫార్మర్‌లో పారే ఆంపియర్లను తగ్గిస్తుంది, దాంతో మీ స్టార్టర్ దగ్గర వోల్టేజీ కొంత నిలబడుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ పెడితేనే ఆ మేలు తెలుస్తుంది. పక్క పొలం వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

ఇన్వర్టర్ 600 వాట్లే కదా, బ్యాటరీకి అంత లావు వైర్లెందుకు?
– కిరాణా వ్యాపారి, ఏలూరు

600 వాట్లు 12 వోల్టుల మీద రావాలంటే 50 ఆంపియర్లు పారాలి. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి చిలుము పట్టి ఒక ఓములో నూరో వంతు నిరోధం ఏర్పడిందనుకోండి. 50 × 50 × 0.01, అంటే 25 వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు దగ్గరే. 230 వోల్టుల వైపు అదే లోడుకి రెండున్నర ఆంపియర్లే పారతాయి, అంతే నిరోధానికి వాటులో పదో వంతు కూడా ఉండదు. లావు వైరు వేసి, టెర్మినల్ శుభ్రంగా ఉంచి, పెట్రోలియం జెల్లీ రాయండి.

వోల్టేజీ పెంచితే నష్టం తగ్గుతుందని పిల్లలకు చెబుతాం. ‘వోల్టేజీ పెరిగితే వాట్లు పెరుగుతాయి కదా, నష్టం కూడా పెరగాలి కదా సార్’ అని ఒక అమ్మాయి అడిగింది. ఎలా చెబితే బాగుంటుంది?
– ఉపాధ్యాయుడు, చింతలపూడి

ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. వోల్టులను వోల్టులతో గుణించి ఓములతో భాగించే సూత్రంలో ఆమె లైన్ వోల్టేజీ మొత్తాన్నీ, అంటే తీగకూ భూమికీ మధ్య ఉన్నదాన్ని వేస్తోంది. నష్టం లెక్కలో వేయాల్సింది తీగ ఈ కొసకూ ఆ కొసకూ మధ్య పడిపోయే వోల్టులు. అవి వేరు, ఇవి వేరు.

మన లోయర్ సీలేరు జలవిద్యుత్ కేంద్రాన్ని తీసుకోండి. దాని సామర్థ్యం 460 మెగావాట్లు. పవర్ ఫ్యాక్టర్ పక్కన పెట్టి, 220 కిలోవోల్టుల మీద అదంతా పంపితే లెక్కకు 1,200 ఆంపియర్ల పైచిలుకు. అదే 415 వోల్టుల మీద పంపాలంటే 6,40,000 ఆంపియర్లు. అంత పారే తీగను ఏ స్తంభమూ మోయలేదు. ఊరికి దగ్గరగా వచ్చాక 33 కిలోవోల్టుల లైన్‌నూ 11 కిలోవోల్టుల లైన్‌నూ పోల్చి చూపించండి. పంపే పవర్ అదే అయితే 11లో ఆంపియర్లు మూడు రెట్లు, అదే తీగలో నష్టం తొమ్మిది రెట్లు. ఈ తొమ్మిది పిల్లల చేతనే లెక్క కట్టించండి. తమ చేత్తో వేసిన లెక్క మరిచిపోరు.

మాది రొయ్యల చెరువు. ప్యానల్ బోర్డు నుంచి 300 మీటర్ల దూరంలో నాలుగు 2 హెచ్‌పీ ఏరియేటర్లు పెట్టాం. 2.5 రాగి కేబుల్ వేశాం. బోర్డు దగ్గర 400 వోల్టులుంది, చెరువు దగ్గరా 400 చూపించింది. అయినా మోటార్లు బాగా వేడెక్కుతున్నాయి.
– ఆక్వా రైతు, కైకలూరు

చెరువు దగ్గర మీరు కొలిచినప్పుడు ఏరియేటర్లు ఆగి ఉండి ఉండాలి. తీగలో పోయే వోల్టులంటే ఆంపియర్లను తీగ ఓములతో గుణించడమే. ఆంపియర్లు సున్నా అయితే పోయే వోల్టులూ సున్నానే. ఎంత సన్న తీగ వేసినా, ఎంత పాడు జాయింటున్నా ఆగి ఉన్నప్పుడు చివర 400 చూపిస్తుంది.

నాలుగూ నడుస్తుండగా లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో ఏరియేటర్ మూడుంబావు ఆంపియర్లు, మొత్తం 13. కిలోమీటరు 2.5 రాగి తీగకు 7.41 ఓములు, మీ 300 మీటర్లకు 2.22. త్రీ ఫేజులో 1.732 × 13 × 2.22, దాన్ని పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణిస్తే 40 వోల్టులు. చెరువు దగ్గర మీకున్నది 360. వోల్టేజీ తగ్గింది కాబట్టి ఆంపియర్లు ఇంకా పెరుగుతాయి, పెరిగితే ఇంకొన్ని వోల్టులు పోతాయి. కామవరపుకోట రైతుకు చెప్పిందే మీ చెరువులోనూ జరుగుతోంది, తేడా ఏమిటంటే అక్కడ మోటారు కాలితే ఒక తడి పోతుంది. మీకు తెల్లవారుజామున, నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండే వేళ ఏరియేటర్ ఆగితే పంటే పోతుంది.

కేబుల్‌లో వేడిగా పోయేది కూడా చూడండి. మూడు తీగలు కాబట్టి 3 × 13 × 13 × 2.22, అంటే 1,125 వాట్లు. ఇంకో ఏరియేటర్ తీసుకునే పవర్‌లో సగానికి పైగా గట్టు మీద కేబుల్‌ను వేడిచేస్తోంది. రాత్రికి పది గంటలు నడిపితే పదకొండు యూనిట్లు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ అయితే కిలోమీటరుకు 1.91 ఓములు, మీ దూరానికి 0.573. పోయే వోల్టులు పదికి దిగుతాయి, వేడి 290 వాట్లకు. రాత్రికి ఎనిమిది యూనిట్ల పైనే మిగులుతుంది. మీ యూనిట్ ధరతో, పంటకాలం రోజులతో గుణించుకుని కేబుల్ ధర పక్కన పెట్టి చూడండి. నా సలహా 16 అల్యూమినియమే, కొసల దగ్గర రాగికీ అల్యూమినియానికీ సరిపడే లగ్గులు వేయించి. అల్యూమినియం తీగను నేరుగా రాగికి మెలివేసి టేపు చుడితే ఆ చెమ్మలో కొన్ని నెలలకే జాయింటును తుప్పు తినేస్తుంది. కుదిరితే ప్యానల్‌నే చెరువుకు దగ్గరగా జరపండి, అన్నిటికన్నా చవకైన కేబుల్ వేయక్కర్లేని కేబులే.

మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. నీటిలో వేలాడే జాయింట్లు, గట్టు మీద టేపు ఊడిన కేబుళ్ళు ఆ చెరువుల మీద నేను చాలా చూశాను. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓముల దగ్గరకు పడిపోతుంది. 230 ÷ 1,000, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. మోటారు ఓవర్‌లోడ్ రిలేకి, ఎంసీబీకి ఆ కొద్ది ఆంపియర్లు లెక్కలోకే రావు. ప్యానల్లో లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల నాలుగు పోళ్ళ ఆర్‌సీసీబీ పెట్టించండి. ఏరియేటర్ ఫ్యానుకు పట్టిన నాచు తీయడానికి కుర్రాణ్ణి నీటిలోకి దింపేముందు స్టార్టర్ ఆపితే చాలదు, మెయిన్ కట్ చేసి, తాళం వేసి, తాళంచెవి దిగేవాడి దగ్గరే ఉంచండి.

మా ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొట్టింది. ఎర్త్ ఉంది, 20 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. ఎంసీబీ ఎందుకు పడలేదు?
– కొయ్యలగూడెం నుంచి ఒక పాఠకుడు

ఎర్త్ ఉంటే చాలు, ఎంసీబీ పడుతుందని చాలామంది నమ్మకం. లెక్కవేసి చూద్దాం. మీ ఎర్త్ గొయ్యి నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 3 ఓములు అనుకోండి. ఫ్రిజ్‌లో ఫేజు తీగ బాడీకి తగిలితే 230 ÷ 13, అంటే 17.7 ఆంపియర్లు పారతాయి. 20 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. అది పడదు. ఈలోగా ఫ్రిజ్ బాడీ మీద 17.7 × 10, అంటే 177 వోల్టులు నిలిచి ఉంటాయి.

మీ వైపు ఎర్ర నేల. వేసవిలో ఎండిపోయాక దాని నిరోధం బాగా పెరుగుతుంది, వానల్లో 10 ఓములున్న గొయ్యి మే నెలలో ఇంకా ఎక్కువ చూపిస్తుంది. కొల్లేరు వైపు తడి నల్లమట్టిలో అదే గొయ్యి తక్కువ చూపిస్తుంది. గొయ్యిలో నీళ్ళు పోస్తూ ఉండండి, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ప్రమాణం తెలిసినవారితో కొలిపించండి. కానీ మట్టిని నమ్ముకుని ఎంసీబీ పడేంత తక్కువ ఓములు తేవడం మెట్టలో చాలా కష్టం.

దీనికి విరుగుడు కూడా ఆర్‌సీసీబీయే. ఫేజులో వెళ్ళిన ఆంపియర్లూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినవీ సమానంగా ఉన్నాయో లేదో చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే పడిపోతుంది. ఎర్త్ 10 ఓములైతే అప్పటికి బాడీ మీద ఉండేది 0.3 వోల్టు. ఎండిన నేలలో 100 ఓములకు పోయినా 3 వోల్టులే. ఆ ఫ్రిజ్ ప్లగ్గు ఇప్పుడే తీసేయండి, బాగు చేయించేదాకా పెట్టకండి. ఆర్‌సీసీబీ బిగించాక దాని మీద ‘టీ’ అక్షరమున్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి, పడకపోతే అదే రోజు మార్పించండి.